చిన్నమ్మ కట్టిన వైరు

మొన్న మా ఉప్పల్ ఇంటికి నెట్టు కంపెనీ మనిషి వచ్చాడు. హాల్లో ఉన్న పాత రౌటరు పెట్టె తీసి కొత్తది పెట్టాలి. నా ఈడువాడే, నలభై దాటి ఉంటాడు. పీర్జాదిగూడలో ఇంకా మూడిళ్లు ఉన్నాయని గుమ్మంలోనే చెప్పాడు. అంటే తనను ఎక్కువ ప్రశ్నలు అడగొద్దని. హాల్లో పని పావుగంటలో ముగించి, నేను ఆన్‌లైన్ పాఠాలు చెప్పుకునే వెనకగదిలోకి వచ్చాడు. అక్కడ అరమీద ఉన్న రెండో రౌటరునూ, హాల్లోంచి దాని దాకా గోడ అంచున వచ్చిన పాత వైరునూ చూశాడు. ఇది కోసేసి కొత్త వైరు వేస్తానంటూ జేబులోంచి కటింగ్ ప్లేయరు తీశాడు.

నేను వద్దనేలోపే వైరును చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నవాడు ఆగిపోయాడు. ప్లేయరు కింద పెట్టి, గొంతుక్కూర్చుని, బొటనవేలితో ఆ వైరును తడుముకుంటూ తలుపు దాకా జరిగాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. పీర్జాదిగూడ ఇళ్లు మరిచిపోయినట్టున్నాడు.

"ఇది ఎవరు గట్టిన్రు మేడం?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్న కోసం నేను ఎన్నేళ్లుగా కాచుకుని ఉన్నానో అతనికి తెలియదు. మంచినీళ్లు తెస్తానని వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, కాసేపు అక్కడే నిలబడ్డాను.

అది కట్టింది మా చిన్నమ్మ. మా అన్నానే గానీ రక్తసంబంధం ఏమీ లేదు. ఇంతకుముందు మేము నాచారంలో అద్దెకుండేవాళ్లం. ఆమెది మా ఎదురిల్లు. మా మామయ్యను, అంటే మా ఆయన తండ్రిని, అన్నా అని పిలిచేది. ఆ వరసన నాకు చిన్నమ్మ అయింది. ఆమె పేరు ఇక్కడ రాయను. పేరు విషయంలో ఆమె నాకు ఒక షరతు పెట్టింది. ఆ షరతు నేను ఒక్కసారి కూడా తప్పలేదు, నోరు దురద పెట్టిన రోజులున్నా సరే.

పొట్టి మనిషి. నూనె రాసి బిగించిన జడ, ఎప్పుడూ నడుములో దోపిన కొంగు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మిషన్లను నడిపే కరెంటు పెట్టెలు తయారుచేసే కంపెనీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైంది. ఆ పెట్టెల లోపల గుట్టలుగా వైర్లుంటాయట. వాటిని రంగుల ప్రకారం వేరుచేసి, కట్టలుగా చేర్చి, మైనం పట్టించిన దారంతో ముడులు వేయడం ఆమె పని. ముడికీ ముడికీ మధ్య బొటనవేలంత దూరం. స్కేలు అక్కర్లేదు, ఆ వేలే ఆమె స్కేలు. రిటైరయ్యాక కూడా ఆ చేతులు ఖాళీగా ఉండేవి కావు. సందులో ఎవరింట్లోనైనా మిక్సీ వైరు వేలాడుతూ కనిపిస్తే చాలు, మాట్లాడుతూనే చుట్టలు చుట్టి, దారం అడిగి ముడివేసేది. చాయ్ తాగడానికి వచ్చి మా ఇంట్లో ఫోన్ చార్జర్లన్నీ కట్టేసి పోయిన రోజులున్నాయి.

పనికి కూర్చునే ముందు ఒక తంతు ఉండేది. చేతుల గాజులు మోచేతుల దాకా తోసి, అవి కిందికి జారకుండా రబ్బరు బ్యాండు వేసుకునేది. కంపెనీలో గాజులు వైరుకు తగలకూడదని రూలు. తీసేయడానికి ఆమెకు మనసొప్పలేదు. మధ్యేమార్గంగా కనిపెట్టిన ఉపాయం అది. రెండు మోచేతుల దగ్గర ఎర్ర రబ్బరు బ్యాండ్లు కనిపించాయంటే ఇక ఆమెను పలకరించి లాభం లేదని మా సందంతటికీ తెలుసు.

ఇంకొకటి ఆమె మాట. పని అయిపోయాక అయిపోయిందని ఎన్నడూ అనేది కాదు. "లాగి సూడు" అనేది. కంపెనీలో వైర్లు బిగించాక ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కోదాన్ని లాగి చూసేవాడట. ఒక్కటి ఊడినా కట్టంతా విప్పి మళ్లీ కట్టాల్సిందే. ఆ అలవాటు కంపెనీ గేటు దాటి ఆమెతో పాటు ఇంటికి వచ్చేసింది. నేను కొత్త కుక్కరు కొని చూపిస్తే పిడి పట్టుకుని లాగేది. మామయ్య మోకాళ్ల నొప్పి తగ్గిందంటే నమ్మకుండా, లేపి, సందు చివరి దాకా నడిపించి చూసేది. సందులో ఎవరింటికైనా సంబంధం వచ్చిందని తెలిస్తే పిల్లగాడేం చేస్తాడని అందరూ అడిగితే, లాగి చూశారా అని ఆమె అడిగేది. నాకు నవ్వొచ్చేది. ఆమె మాత్రం నవ్వేది కాదు.

నెట్టు వైర్ల పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. కరోనా ఏడాది బళ్లు మూతబడి, పిల్లల చదువులన్నీ ఫోన్లలోకి వచ్చినప్పుడు సందులో అందరూ నెట్టు పెట్టించుకున్నారు. చిన్నమ్మ వాళ్లింటికి వైరు వేయడానికి వచ్చిన మనిషి కొన కోసి, పైన తొడుగు ఒలిస్తే లోపల ఎనిమిది సన్నటి రంగు వైర్లు కనిపించాయి. ఎనిమిదేనా అని అడిగిందట. ఎనిమిదేనని చెబితే, ఇటివ్వమని చేయి చాపింది. అతని సంచిలో ఉన్న రెడీమేడ్ వైరు కొనను పక్కన పెట్టుకుని, అందులో రంగులు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో పేర్చి, చివర అద్దం లాంటి ప్లాస్టిక్ తల బిగించి, "లాగి సూడు" అంది. అతను లాగాడు. ఊడలేదు. ఆ వారమే తల బిగించే ప్లేయరు తెప్పించుకుని టిఫిను డబ్బాలో పెట్టుకుంది. చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు రాదు. కానీ రౌటరు మీది దీపాలు చూసి దాని రోగం చెప్పేది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. లేకపోతే ఆమె సంగతి తెలియదు.

నేను లెక్కల టీచర్ని. పన్నెండేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికీ ఏడో తరగతికీ చెప్పాను. కరోనాలో ఆ స్కూలు మూసుకుంది, మళ్లీ తెరుచుకోలేదు. నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాక, పిల్లలకు ఆన్‌లైన్లో పాఠాలు చెప్పించే కంపెనీ ఒకటి నన్ను డెమో క్లాసుకు పిలిచింది. నలభై నిమిషాల పాఠం. ఆరుగురు పిల్లలు, వాళ్లతో పాటు కంపెనీ మేడం కూర్చుని వింటుంది. నచ్చితే ఉద్యోగం. బోర్డు ముందు నిలబడితే నాకు తిరుగులేదని నా నమ్మకం. భయమంతా ఇంటి గురించే.

మా నాచారం ఇల్లు మూడు గదుల వరస. ముందు హాలు, నడిమి గది, వెనకగది. హాల్లో రౌటరు ఉంది గానీ, పక్కన రేకులు కోసే వర్క్‌షాపు ఉంది. అక్కడ పాఠం చెబితే నా మాట నాకే వినపడదు. నడిమి గది మామయ్యది. వెనకగది నిశ్శబ్దంగా ఉంటుంది గానీ, అది ఓనరు తర్వాత కట్టించింది. పాత ఇంటి బయటి రాతిగోడే దానికి అడ్డుగోడ. ఆ గోడకు ఇవతల మా ఇనుప బీరువా. అంత దాటి నెట్టు ఎలా వస్తుంది? రాదు. అందుకే మేము తెలివిగా రెండో రౌటరు ఒకటి కొన్నాం. వైరు అక్కర్లేదు, ముందుదాని నుంచి గాలిలోనే అందుకుని మళ్లీ పంపిస్తుందని అట్టపెట్టె మీద బొమ్మ వేసి ఉంది. ఎక్కడ పెట్టాలన్నది మామయ్య తేల్చేశారు. కరెంటుతో నడిచే వస్తువు అగ్నికిందే లెక్క, కాబట్టి వెనకగది ఆగ్నేయం మూలన పెట్టాలన్నారు. పెట్టాం. ట్యాబులో సిగ్నల్ గీతలు నిండుగా వెలిగాయి. నేను మామయ్యకు దండం పెట్టినంత పని చేశాను.

డెమో మొదలైన ఆరో నిమిషంలో బొమ్మ ఆగిపోయింది. మేడం మీరు ఆగిపోయారు, మేడం మీరు ఆగిపోయారు అని ఒక పిల్ల అంటూనే ఉంది. గీతలు మాత్రం నిండుగానే ఉన్నాయి. నేను బయటికి పోయి, లోపలికి వచ్చి, ట్యాబు నెత్తిమీద పెట్టుకుని తిరిగి, ఆఖరికి ఆ కంపెనీ మేడం ఫోన్ చేసేసరికి ఏడుపు గొంతుతో ఉన్నాను. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. వచ్చే సోమవారం నాలుగింటికి ఇంకొక్కసారి చూస్తామంది. అప్పుడూ ఇలాగే అయితే ఇక పిలవమంది.

ఆ సాయంత్రం చిన్నమ్మ చాయ్‌కి వచ్చింది. నా మొహం చూసి సంగతంతా చెప్పించుకుంది. చాయ్ పక్కన పెట్టి, వెనకగదిలోకి పోయి, రౌటరు చూసింది. బీరువా చూసింది. రాతిగోడను గుప్పిటతో కొట్టి చూసింది. తర్వాత నన్ను హాల్లో రౌటరు పక్కన నిలబడమంది.

"పాఠం జెప్పు. ఎప్పుడు జెప్పే గొంతుతోనే జెప్పు, ఒర్రకు."

నేను హాల్లో నిలబడి గోడకు భిన్నాల పాఠం చెప్పాను. ఆమె నా మాట వింటూ ఒక్కో అడుగే వెనక్కి నడిచింది. నడిమి గదిలో మామయ్య మంచం తలాపున ఆగి, ఇక్కడిదాకా మాటమాట వినపడుతోందంది. వెనకగదిలోకి పోయి, లొల్లి వినపడుతోంది గానీ మాట తెలియడం లేదంది. మళ్లీ ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు తిరిగింది. మామయ్య మంచం మీద కూర్చుని ఇదంతా అనుమానంగా చూస్తున్నారు. చివరికి ఆమె వచ్చి నా ముందు నిలబడింది.

"నీ ట్యాబుకు, ఆ పెట్టెకు దోస్తీ మంచిగనే ఉంది, అందుకే గీతలు నిండినయ్. కని ఆ పెట్టెకే ముందలి మాట ఇనవడ్తలేదు బిడ్డా. దానికే ఇనవడకపోతే నీకేం జెప్తది?"

పన్నెండేళ్లు పాఠాలు చెప్పిన నాకు ఎవరూ ఇంత తేలిగ్గా ఏ పాఠమూ చెప్పలేదు. వినపడని చోట కాదు, వినపడే చోట చివరన పెట్టాలి. అంటే మామయ్య తలాపున. ఆయన ససేమిరా అన్నారు. రాత్రంతా తలలోకి కిరణాలు దూరతాయన్నారు, పైగా అది ఆగ్నేయం కాదన్నారు. నేను వాదనకు దిగబోతే చిన్నమ్మ నా చేయి నొక్కింది. ఆమెకు వాదించడం ఇష్టం ఉండదు. కాసేపు గోడల అంచులు చూసి, గాలితో అయితే నడిమి గదిలో పెట్టాలి గానీ, వైరుతో అయితే అన్న చెప్పిన ఆగ్నేయంలోనే ఉంటుందని తేల్చింది. మామయ్య వెంటనే ఆమె పక్షం చేరిపోయారు. గాలిని నమ్ముకుని గోడను మరిచిపోతారని ఆమె సణుక్కుంటూ వెళ్లి, టిఫిను డబ్బాతో తిరిగి వచ్చింది.

గురువారం, శుక్రవారం రెండు రోజులు ఆమె మా ఇంట్లో నేలమీదే ఉంది. మోచేతులకు రబ్బరు బ్యాండ్లు. హాల్లోంచి మామయ్య మంచం వెనకగా, బీరువా కిందుగా, తలుపు చట్రం పక్క నుంచి వైరు వెనకగదికి చేరింది. వెనకగదిలో ప్లగ్గు పనిచేయదు కాబట్టి రౌటరుకు కరెంటు నడిమి గది బోర్డు నుంచే పోవాలి. ఆ వైరునూ ఈ వైరునూ జతచేసి, దారానికి కొవ్వొత్తి మైనం రుద్ది, బొటనవేలంత దూరానికొక ముడి వేస్తూ పోయింది. బీరువా కింద ఎవరు చూస్తారు చిన్నమ్మా, అక్కడ ఊరికే వదిలెయ్ అన్నాను. నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. బోర్లా పడుకుని బీరువా కింద కూడా ముడులు వేసింది.

సెట్టింగుల దగ్గర మాత్రం నన్ను కూర్చోబెట్టుకుంది. నేను ఇంగ్లీషు చదవాలి, ఆమె చెప్పాలి. రెండో పెట్టెకు కూడా మొదటిదాని పేరే, దాని పాస్‌వర్డే పెట్టమంది. ఇంట్లోకి వచ్చే ఫోన్లకు నెట్టు నంబర్లు కేటాయించే పని మాత్రం దీని దగ్గర ఆపేయమంది. ఒక ఇంట్లో ఇద్దరు పెద్దరికం చేస్తే ఎవరి మాట వినాలో తెలియదట. మామయ్య ఆ మాటకు తల ఊపారు. నేను ఊపలేదు. అంతా అయ్యాక ఆమె వైరు కొన నా చేతికిచ్చి, "లాగి సూడు" అంది.

ఆదివారం మధ్యాహ్నం ట్రయల్ వేశాను. ఉప్పల్లో ఉన్న మా అక్క కూతురు ఫోన్లో విద్యార్థిగా కూర్చుంది. ఇరవై నిమిషాలు అద్దంలా వచ్చింది. నా కడుపు నిండిపోయింది. అంతలో ఉరిమింది. తర్వాత తెర నల్లబడింది.

బయటికి వచ్చి చూస్తే మామయ్య ఇంట్లో ప్లగ్గులన్నీ వరసగా పీకేస్తున్నారు. టీవీ, ఫ్రిజ్జు, హాల్లో రౌటరు, మంచం పక్క బోర్డులో రెండో రౌటరు. ఉరుము ఉరిమితే ఆయన చేసే మొదటి పని అదే. ఒకసారి పిడుగు పడి టీవీలోంచి పొగ వచ్చినప్పటి నుంచి ఆయన ఈ నియమం తప్పలేదు. నాకు తెలియని నియమమూ కాదు. కానీ ఆ క్షణాన కళ్లు కనపడలేదు. నోటికొచ్చినట్టు అరిచాను. నా ఉద్యోగం పోయినా మీకు పర్వాలేదు, మీ టీవీ బాగుంటే చాలు అన్నాను. ఆయన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నారు. పెద్దాయనను అంత మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

చిన్నమ్మ వచ్చింది. నా గొంతు తన ఇంటి దాకా ఏ రౌటరూ లేకుండానే అందిందని నన్ను ఒక్క పోటు పొడిచి, స్టూలు లాక్కుని మామయ్య మంచం పక్కన కూర్చుంది. ఆయన్ను ఏమీ అనలేదు. నాతో అంది.

"తప్పు నాది బిడ్డా. వైరు జూసిన, గోడ జూసిన. ఇంట్ల మనిషిని జూడలే."

తర్వాత ఆయన వైపు తిరిగింది. మామయ్య రైల్వేలో గేటు కాపలా చేసి రిటైరయ్యారు. జనగామ అవతల, రోడ్డు పట్టాలను దాటే చోట, రైలు వచ్చే ముందు గేటు వేయడం, పోయాక తీయడం.

"అన్నా, ఉరుములు ఉరిమినయని గేటు ఇడిసిపెట్టి ఎన్నడన్న ఇంటికి వోయినవా?"

మామయ్య లేచి కూర్చున్నారు.

"ఎట్ల వోత చెల్లె. బండి వస్తుంటది గదా."

"రేపు నాలుగ్గొట్టంగ బండి వస్తది. నలభై నిమిషాలు. ముందటి గేటు నీది, ఎనక గేటు నాది."

సోమవారం మూడున్నరకే ఆకాశం నల్లబడింది. నేను వెనకగది తలుపు వేసుకుని కూర్చున్నాను. నాలుగింటికి ఆరుగురు పిల్లలు, కంపెనీ మేడం తెరమీదికి వచ్చారు. భిన్నాలు మొదలుపెట్టాను. పదో నిమిషంలో మొదటి ఉరుము. ఇప్పుడు నల్లబడుతుంది, ఇప్పుడు నల్లబడుతుంది అనుకుంటూనే సగంలో సగం ఎంతో అడిగాను. ఒక పిల్లవాడు తమ్ముడికి ఇచ్చినంత అన్నాడు. అందరూ నవ్వారు. తెర నల్లబడలేదు. వాన మొదలైంది, రేకుల మీద దబదబా పడుతోంది, ఉరుములు ఒకదాని వెనక ఒకటి. కరెంటు పోకపోవడం దేవుడి దయ. మిగతాది ఎవరి దయో తలుపు తీశాకే కళ్లారా చూశాను. నలభై నిమిషాలు పూర్తిగా చెప్పాను. ఒక్క మాట తెగలేదు.

తలుపు తీసేసరికి మంచం పక్క బోర్డు దగ్గర స్టూలు మీద చిన్నమ్మ. మోచేతులకు రబ్బరు బ్యాండ్లు, అరచేయి ప్లగ్గు మీద. హాల్లో మామయ్య ప్లాస్టిక్ కుర్చీలో, రౌటరు ప్లగ్గుకు అడ్డంగా కూర్చుని ఉన్నారు. ఇంట్లో ఎన్నడూ చెప్పులు వేసుకోని మనిషి, పిడుగుకు మందని రబ్బరు చెప్పులు తొడుక్కున్నారు. ప్రతి ఉరుముకూ లేచారట, ప్రతిసారీ మళ్లీ కూర్చున్నారట. ఆ భయం నాకు తెలుసు. ఆ మనిషి నా కోసం అంతసేపు ఆ కుర్చీలో కూర్చున్నారు. వెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాను. బండి పోయిందా అని అడిగారు. పోయింది మామయ్యా అన్నాను.

చిన్నమ్మ తన వైరు గురించి ఒక్క మాట అనలేదు. తలుపు అవతల నుంచి పాఠమంతా విన్నదట.

"పిల్లలు రెండుసార్లు నవ్విన్రు బిడ్డా. లెక్కల పాఠంల పిల్లలు నవ్వంగ నేనెన్నడు ఇనలే."

నాకు బెస్ట్ టీచర్ అని స్కూల్లో ఇచ్చిన షీల్డులు రెండున్నాయి. ఈ మాట ముందు అవి నాకు ఆనవు.

బుధవారం కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. పరుగున ఎదురింటికి వెళ్లి చూపించాను. అందులో ఏముందో చదివి చెప్పమంది. ఉద్యోగం ఇచ్చారని చెప్పాను. ఫోన్ నా చేతికిచ్చి, "నిన్ను లాగి సూసిన్రు. ఊడలే" అంది. ఆమె కళ్లలో నీళ్లు చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ సంతోషంలో నేను సందంతా చెప్పుకొస్తానన్నాను. ఆమె పేరు పెట్టి, ఆన్‌లైన్ పిల్లలకు కూడా చెబుతానన్నాను. అప్పుడు పెట్టింది ఆ షరతు. ముప్పై ఏళ్లలో తను కట్టిన కట్టలు ఎన్నో కంపెనీ గేటు దాటి పోయాయట. వాటి మీద ఇన్‌స్పెక్టరు ముద్ర ఉండేది, కట్టిన మనిషి పేరు ఉండేది కాదు. ఏ ఊళ్లో ఏ మిషన్లో ఉన్నాయో తెలియదు. ఎవరో ఒకరు ఎప్పుడో మూత విప్పి, ఆ ముడులు చూసి, ఎవరు కట్టారని అడిగే ఉంటారని ఆమె నమ్మకం. అడిగితే చెప్పేవాళ్లు పక్కన లేరు, అంతే. తన ఇల్లు కాక, అంత పొడుగున కట్టినవాటిలో మా ఇంట్లో ఉన్నదొక్కటే తనకు అడ్రసు తెలిసిన వైరు అంది.

"నా పేరు ఊకనే చెప్పకు. ఎవలన్న పని చేతిల వట్టుకొని, ఎవరు జేసిన్రు అని అడిగితె గప్పుడు జెప్పు."

రెండేళ్ల కింద మేము ఉప్పల్‌కు మారాం. బీరువా తెచ్చుకున్నాం, మంచం తెచ్చుకున్నాం, ఆ వైరును ఒక్క ముడి కూడా విప్పకుండా చుట్టగా చుట్టి మామయ్య ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చారు. ఇక్కడ బిగించడానికి చిన్నమ్మే వచ్చింది. అప్పటికి చేతులు కొంచెం వణుకుతున్నాయి. ముడులు వణకలేదు.

పోయిన ఎండాకాలం ఆమె పోయింది. గుండెపోటు. దవాఖానాకు తీసుకుపోయేలోపే. మేము నాచారం వెళ్లేసరికి ఇంటి ముందు సందులో టెంటు వేశారు. టెంటు కింద కూర్చున్న చుట్టాలందరూ ఫోన్లలో దూరపువాళ్లకు కబురు చెబుతున్నారు, ఫోటోలు పంపుతున్నారు. ఇంటి లోపలి నుంచి సందు మొగదల దాకా నెట్టు ఎక్కడా ఆగడం లేదు. కిటికీ పక్కన రెండో రౌటరు, దానికి మైనపు దారం ముడులతో వైరు. అక్కడ ఎవరూ దాన్ని చేత్తో ముట్టుకోలేదు, ఎవరూ అడగలేదు. నేను ఏడుస్తూ కూడా నోరు కట్టుకుని కూర్చున్నాను. షరతు షరతే.

అందుకే మొన్న ఆ మనిషి అడిగినప్పుడు ముందు వంటింట్లోకి వెళ్లాను.

నీళ్ల గ్లాసు తీసుకుని వెనకగదిలోకి వెళ్లేసరికి అతను వైరు రెండు కొనలకూ తన టెస్టరు తగిలించి కూర్చున్నాడు. దీపాలు ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా వెలుగుతున్నాయి. వైరు ఇంకా అతని చేతిలోనే ఉంది. నేను ఎదురుగా నేలమీద కూర్చుని చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను. నాచారంలో ఏ సందో, ఏ పని చేసేదో చెప్పాను. అతను ఆ పేరును ఒకసారి నెమ్మదిగా పైకి అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నానని, ఇలాంటి చేతిని చూడలేదని అన్నాడు. హాల్లో మామయ్య వింటూనే ఉన్నారు. ఇంకోసారి చెప్పమ్మా ఆ పేరు, అని అక్కడి నుంచి అన్నారు. చెప్పాను.

అతను కొత్త వైరు చుట్టను సంచిలో పెట్టేసి, పాతదాన్నే కొత్త పెట్టెకు తగిలించాడు. వెళ్లబోతూ వంగి, దాన్ని ఒక్కసారి లాగి చూశాడు. ఊడలేదు.

ఇంత రాసి ఆ పేరు మీకు చెప్పనందుకు ఏమీ అనుకోకండి. ఉప్పల్ వైపు వచ్చినప్పుడు మా ఇంటికి రండి. ఆ వైరు మీ చేతిలో పెడతాను. అడగండి.